పాత టూ-స్ట్రోక్ పడవ మోటారులో సిలిండర్ దెబ్బను తేల్చుకునే విధానం

హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలప్పుడు వెంట తిరిగే రక్షక పడవలకు గానీ, వరద వస్తే కాలనీల్లోకి దించడానికి గోదాముల్లో సిద్ధంగా ఉంచే రబ్బరు పడవలకు గానీ, పాత టూ-స్ట్రోక్ మోటార్లు బిగించి ఉండటం ఇప్పటికీ కనిపిస్తుంది. అలాంటి మోటారు ఒకరోజు స్టార్ట్ అవుతుంది కానీ బరువు లాగదు, లేదా కాసేపు బాగా నడిచి నెమ్మదిస్తుంది, లేదా తాడు లాగినప్పుడు మునుపటి బిగువు చేతికి తెలియదు. ఎవరికి చూపించినా మొదట వచ్చే మాట "బోరు పోయింది, రీబోర్ చేయించండి" అనే; అంటే సిలిండర్ లోపలి రంధ్రం (బోరు) అరిగిందని, దాన్ని కోసి పెద్దది చేయించి (బోరింగ్) పెద్ద పిస్టన్ వేయించమని. ఆ మాట నిజమే కావచ్చు. అయితే ఏ సిలిండర్ దెబ్బతిన్నది అన్నది సగం ప్రశ్న మాత్రమే. అదే ఎందుకు దెబ్బతిన్నది అన్నది మిగతా సగం. ఈ రెండో సగానికి జవాబు దొరకకుండా బోరింగ్ చేయిస్తే, కొత్త పిస్టన్ కూడా పాతదాని దారినే పోతుంది.

మన ఊళ్లో ఆర్‌ఎక్స్ 100, చేతక్ వంటి బళ్ల మీద చేయి తిరిగిన టూ-స్ట్రోక్ మెకానిక్కులకు కొరత లేదు, వాళ్ల అనుభవం ఇక్కడ ఎంతో పనికొస్తుంది. కానీ పడవ మోటారు రెండు విషయాల్లో బండికి భిన్నమని వాళ్లకు ముందే చెప్పాలి. బండి ఇంజిను గాలికి చల్లబడుతుంది, పడవ మోటారు తాను తోడుకున్న చెరువు నీటితోనే చల్లబడుతుంది. బండి రోడ్డు మీద ఆగుతూ, తగ్గుతూ, పెరుగుతూ నడుస్తుంది. పడవ మోటారు పూర్తి థ్రాటిల్‌లో ఏకధాటిగా చాలాసేపు పనిచేస్తుంది. అందువల్ల బండిలో ఎన్నాళ్లయినా బయటపడని చిన్న లోపం పడవలో ఒకే పూటలో పిస్టన్‌ను పట్టించేస్తుంది.

విప్పడానికి ముందు

ముందుగా స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఏ ప్లగ్గు ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టి, వరుసగా ఒక గుడ్డ మీద పరచాలి. మోటారు ఈ మధ్య నీటిలో మునిగి ఉంటే గానీ, ఎండలో వానలో మూత లేకుండా పడి ఉంటే గానీ, ప్లగ్గులు తీయకుండా తాడు లాగకూడదు, సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్‌లో నీరు నిలిచి ఉంటే అది నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

ప్లగ్గును ఎండలో పెట్టి, వీలైతే భూతద్దంతో చూడండి. లేత గోధుమ రంగు ఉంటే ఆ సిలిండర్ సరిగ్గా మండుతున్నట్టు. నల్లగా తడిగా ఉంటే అక్కడ మంట అంటుకోవడం లేదు. అది ఇగ్నిషన్ లోపం కావచ్చు, కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమం నొక్కుడుపడటం) లోపం కావచ్చు. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనట్టు, లేదా ఇంజిను మితిమీరి వేడెక్కినట్టు. ఒక్క ప్లగ్గు మాత్రం ఆవిరితో కడిగినంత శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీరు చేరుతోందని అనుమానించాలి. అన్నిటికంటే చెడు గుర్తు, పింగాణీ మీదా అంచు మీదా ఆవగింజలో పదో వంతు పరిమాణంలో మెరిసే వెండి రంగు చుక్కలు. అవి కరిగిన పిస్టన్ తాలూకు అల్యూమినియం రేణువులు. అవి కనిపిస్తే ఇక స్టార్ట్ చేసి చూసే ప్రయత్నం మానుకుని నేరుగా విప్పడమే మేలు.

తరువాత ఫ్లైవీల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పాలి. చాలా మోటార్లలో పైనుంచి చూస్తే గడియారపు ముళ్ల దిశే సరైన దిశ; వెనక్కి తిప్పితే అడుగున ఉండే నీటి పంపు రబ్బరు రెక్కలు ఎదురు వంగుతాయి. ప్లగ్గులు లేనప్పుడు ఫ్లైవీల్ సాఫీగా తిరగాలి. ఒకచోట ఇసుక నలిగినట్టు గరగరమంటే, లేదా ప్రతి చుట్టులో ఒకేచోట పట్టినట్టు ఉంటే, అది గీసుకుపోయిన బోరో, పాడైన బేరింగో అయి ఉంటుంది. అసలు కదలకపోతే పెద్ద పానా వేసి విరగదీయవద్దు. ప్లగ్గు రంధ్రాల్లోంచి కిరసనాయిలు, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి, రెండు మూడు రోజులు ఓపిక పట్టి, ఆ తరువాత ఫ్లైవీల్ నట్టు మీద కొద్దికొద్దిగా బలం పెట్టి చూడాలి. తుప్పు వల్ల పట్టినదైతే ఇలా చాలావరకు వదులుతుంది. అల్యూమినియం కరిగి అతుక్కుని ఉంటే వదలదు.

కంప్రెషన్ పరీక్ష

మోటారు నడిచే స్థితిలో ఉంటే నీళ్లు నింపిన పెద్ద డ్రమ్ములో పెట్టి కొద్ది నిమిషాలు వేడెక్కనివ్వాలి. నీరు లేకుండా అరనిమిషం నడిపినా పంపు రబ్బరు కాలిపోయే ప్రమాదం ఉంది కనుక, ఒక్కసారికేగా అనే ఆలోచన వద్దు. తరువాత మోటారు ఆపి, ప్లగ్గులన్నీ తీసి, ప్లగ్గు తీగలను ఇంజిను లోహానికి ఆనించి కట్టాలి, మోటారును ఆపే తాడు (కిల్ స్విచ్) క్లిప్పును కూడా లాగేయాలి. ఈ రెండు జాగ్రత్తలూ ఊరికే చెప్పినవి కావు: ప్లగ్గు రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతున్నప్పుడు పక్కన నిప్పురవ్వ రాలితే మంట లేస్తుంది, తీగను గాలిలో వదిలేస్తే నిప్పురవ్వ పుట్టించే పాత సీడీఐ పెట్టె గానీ కాయిల్ గానీ కాలిపోవచ్చు.

కంప్రెషన్ కొలిచే గేజ్ మర బిగించే రకానిదై ఉండాలి. చేత్తో అదిమి పట్టే రబ్బరు మూతి గేజ్ ఒక్కో చేతికి ఒక్కో అంకె చూపిస్తుంది. మర పొడవు ప్లగ్గు మర పొడవును మించితే పిస్టన్‌కు తగులుతుంది కాబట్టి ముందే పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, సూది ఇక పైకి కదలడం ఆగేవరకు, అంటే సాధారణంగా ఐదారు సార్లు, తాడును ఒకే వేగంతో లాగి అంకె రాసుకోవాలి. ప్రతి సిలిండర్‌కు మనిషి మారకూడదు, లాగే బలం మారకూడదు. సెల్ఫ్ ఉన్న మోటారైతే బ్యాటరీ పూర్తిగా చార్జి అయి ఉండాలి.

పాత మోటార్లలో చదరపు అంగుళానికి 90 నుంచి 130 పౌండ్ల మధ్య అంకె రావడం మామూలు. ఏ మోడల్‌కు ఎంత అన్నది దాని సర్వీసు పుస్తకంలో ఉంటుంది. కానీ మన ఊరి వాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ఇక్కడి గాలి పీడనం తీరప్రాంతంతో పోలిస్తే దాదాపు 6 శాతం తక్కువ. కాబట్టి కాకినాడలోనో విశాఖపట్నంలోనో 120 చూపిన మోటారు, ఏ దెబ్బా తగలకుండానే, ఇక్కడ 113 ప్రాంతంలో చూపుతుంది. తీరం నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొన్న మోటారును ఈ తేడా చూసి పాడైపోయిందని తేల్చేయకూడదు. అందుకే నేను అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడాకే ఎక్కువ విలువ ఇస్తాను. రెండూ 105, 108 చూపితే నిశ్చింతగా ఉండవచ్చు. ఒకటి 118, మరొకటి 92 చూపితే, ఆ 92 ఎంత ఆరోగ్యంగా కనిపించినా, లోపం ఉన్నట్టే. తేడా 10 శాతం దాటితే కారణం వెతకాలి.

బండ్ల మెకానిక్కులు ఇక్కడ ఒక పాత చిట్కా వాడతారు: సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచి, అంకె పెరిగితే రింగులదే తప్పని అంటారు. పడవ మోటారులో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) నిలువుగా, సిలిండర్లు అడ్డంగా ఉంటాయి కాబట్టి పోసిన ఆయిల్ కింది వైపుకే చేరుతుంది, రింగు చుట్టంతా పాకదు. అంకె పెరిగితే నమ్మవచ్చు, పెరగనంత మాత్రాన రింగులు బాగున్నాయని అనుకోకూడదు.

దానికంటే నమ్మదగినది గాలి పట్టి చూడటం. దెబ్బతిన్నదనుకునే సిలిండర్ పిస్టన్‌ను పైకొనకు తెచ్చి, ఫ్లైవీల్ కదలకుండా గట్టిగా పట్టుకుని, పంక్చర్ షాపు కంప్రెసర్‌తో ప్లగ్గు రంధ్రం ద్వారా తక్కువ పీడనంలో గాలి పంపి, ఎక్కడ బుసకొడుతోందో వినాలి. ఎగ్జాస్టు వైపు నుంచి గానీ కార్బరేటర్ నోటి నుంచి గానీ వస్తే గాలి రింగుల పక్కగా పోతోంది. పక్క సిలిండర్ ప్లగ్గు రంధ్రం నుంచి వస్తే రెండింటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలింది. మోటారు డ్రమ్ములోనే ఉండి చల్లబరిచే నీటి దారి నుంచి బుడగలు వస్తే గ్యాస్కెట్టో, పగులో నీటి దారిలోకి తెరుచుకుంది. హెడ్ అతుకు చుట్టూ సబ్బు నురుగు రాస్తే బయటికి కారే చోటు కూడా కనిపిస్తుంది.

సూది చెప్పని సంగతులు

కంప్రెషన్ బాగుంటే సిలిండర్ బాగున్నట్టేనని అనుకోవడం ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. పిస్టన్ పక్కభాగం ఎగ్జాస్టు వైపు బాగా గీసుకుపోయినా, పైన రింగులు ఇంకా పట్టి ఉంటే గేజ్ నిర్మలంగా 110 చూపిస్తుంది. నిజం తెలియాలంటే కంటితో చూడాలి. ఎగ్జాస్టు మూత గానీ, పక్కనుండే ట్రాన్స్‌ఫర్ మూత గానీ తీస్తే గోడలోని పోర్టు కిటికీల (మిశ్రమం, పొగ వచ్చిపోయే రంధ్రాల) గుండా పిస్టన్, రింగులు కనిపిస్తాయి. ఇప్పుడు ఫోనుకు తగిలించే సన్నని కెమెరా తీగలు చవకగా దొరుకుతున్నాయి, ప్లగ్గు రంధ్రంలోంచి గోడలు చూడటానికి అవి చాలు. పోర్టులోంచి ఒక పుల్లతో రింగును మెల్లగా నొక్కితే స్ప్రింగులా లోపలికి పోయి తిరిగి రావాలి. కదలకపోతే అది మసి పట్టి గాడిలో ఇరుక్కుపోయింది. అలాంటప్పుడు బోరు పాడవకుండానే కంప్రెషన్ పడిపోతుంది, మసి కరిగించే ద్రావకం పోసి రాత్రంతా నానబెడితే ఎన్నోసార్లు తిరిగి వస్తుంది. విప్పడానికి ముందే ఇది ఒకసారి చేసి చూడాలి.

ఉప్పునీటిలో పనిచేసిన మోటారులో ఎగ్జాస్టు మూత బోల్టులు తుప్పుతో పట్టేసి ఉంటాయి. ముందురోజే నూనె పట్టించి, కాస్త వేడి చేసి తిప్పకపోతే తల విరిగి బ్లాకులోనే ఉండిపోతుంది. అప్పుడు సిలిండర్ సంగతి పక్కనబెట్టి బోల్టు తీయించడానికే లేత్ షాపుకు వెళ్లవలసి వస్తుంది.

దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది. అంకెలు సమానం, బోరు అద్దంలా ఉంది, అయినా ఒక సిలిండర్ లాగడం లేదు. టూ-స్ట్రోక్‌లో మిశ్రమం ముందు క్రాంకు గదిలోకి చేరి, అక్కడ నొక్కుడుపడి, ఆ తరువాతే పైకి వస్తుంది. మిశ్రమాన్ని లోపలికే రానిచ్చే రీడ్ వాల్వు రేకు విరిగినా, క్రాంకు సీలు అరిగినా ఆ గదిలో నొక్కుడు ఉండదు, గేజ్‌కు మాత్రం అది తెలియదు. ఇలాంటి మోటారుకు రీబోర్ చేయించడం శుద్ధ దండగ.

గీతలు ఎటువైపు ఉన్నాయి

హెడ్ తీశాక, పిస్టన్ కిందికి దించి, టార్చి వేసి గోడలను చుట్టూ చూడాలి. కొన్ని పాత మెర్క్యురీ మోటార్లలో హెడ్ బ్లాకుతో కలిసే ఉంటుంది, వాటిలో పోర్టుల గుండా చూడటమే దారి. గీతలు ఎన్ని ఉన్నాయన్న దానికంటే ఎటు ఉన్నాయన్నది ముఖ్యం.

గీతలు ఎగ్జాస్టు వైపే ఉంటే వేడి ఎక్కువైనట్టు. ఆ వైపు ఎప్పుడూ వేడి ఎక్కువే కాబట్టి మిశ్రమంలో పెట్రోలు తగ్గినా, ఆయిల్ పలచబడినా ముందు అక్కడే పట్టేస్తుంది. పిస్టన్ చుట్టూ నాలుగు మూలలా మచ్చలు ఉంటే, గోడ చల్లగా ఉండగానే పిస్టన్ వేగంగా వ్యాకోచించినట్టు. మోటారు స్టార్ట్ చేసిన వెంటనే పూర్తి వేగానికి తెచ్చే అలవాటు ఉన్నచోట ఇది కనిపిస్తుంది. చుట్టూ అంతటా ఒకే తీరుగా గీసుకుపోయి ఉంటే ఆయిల్ అసలు అందలేదు.

పిస్టన్ తల అంచు ఎలుక కొరికినట్టు తిని ఉండి, దాని పక్కన హెడ్ మీద ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తే అది డిటొనేషన్, అంటే మిశ్రమం సాఫీగా మండకుండా ఒక్కసారిగా పేలడం; పాతబడిన పెట్రోలు, ముందుకు జరిగిన నిప్పురవ్వ టైమింగు, పలచటి మిశ్రమం దానికి కారణాలు. తల మధ్యలో రంధ్రం పడితే ప్లగ్గు వేడి శ్రేణి సరైనదేనా అని చూడాలి. తల మీద చిన్న చిన్న గంట్లు ఉంటే ఏదో లోహపు ముక్క లోపల తిరిగింది. అది విరిగిన రింగు ముక్క కావచ్చు, బేరింగు సూది కావచ్చు. బేరింగు సూది అయితే క్రాంకు విప్పకుండా బోరింగ్ మాట ఎత్తకూడదు.

ఏ సిలిండర్ అన్నది కూడా ఒక సాక్ష్యమే. పై సిలిండర్ ఒక్కటే పోతే చల్లబరిచే నీరు పైదాకా అందలేదేమోనని, లేదా పై క్రాంకు సీలు గుండా గాలి లోపలికి వస్తోందేమోనని చూడాలి. కింది సిలిండర్ ఒక్కటే పోయి, అందులో తుప్పు చార కూడా ఉంటే, కింది సీలు నీటినీ పొగనూ లోపలికి పీల్చుకుంటోంది. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కార్బరేటర్ ఉన్న మోటారులో ఒకటే దెబ్బతింటే దాని జెట్టు మూసుకుపోయిందా అని ముందు చూడాలి. అన్నీ ఒకే తీరుగా పోతే తప్పు అందరికీ ఉమ్మడిదైనచోట ఉంది: పెట్రోలు, ఆయిల్, నీటి పంపు.

మన జలాశయాల్లో గుర్రపు డెక్క, ప్లాస్టిక్ సంచులు నీరు పీల్చే జల్లెడకు అడ్డుపడటం మామూలు విషయం. వేసవి అంతా గోదాములో ఎండిన పంపు రబ్బరు రెక్కలు ఒక ఆకారంలో గట్టిపడిపోతాయి, చూడటానికి బాగానే ఉన్నా నీరు తోడవు. ఆయిల్ విషయంలో, పెట్రోలు బంకులో బండ్ల కోసం అమ్మే 2టీ ఆయిల్ గాలికి చల్లబడే ఇంజిన్లకు తయారైనది. పడవ మోటారుకు నీటితో చల్లబడే ఇంజిన్లకు తయారైన టీసీ-డబ్ల్యూ3 రకం కావాలి. చాలా మోటార్లకు 50:1, అంటే 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు సరిపోతుంది, అంతకంటే పాత మోడళ్లు కొన్ని 25:1, అంటే 200 మిల్లీలీటర్లు అడుగుతాయి. పెట్రోలు సంగతి ఇంకా ఉంది. 2023 నుంచి మన దేశంలో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు) వచ్చింది. స్థిరమైన జెట్టు ఉన్న పాత కార్బరేటర్‌లో ఇథనాల్ కలిసిన పెట్రోలు మిశ్రమాన్ని పలచబరుస్తుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలును పారబోయడం దండగ కాదు.

పూతా, గాడా

గోడ మీద వెండి రంగు గీతలు కనిపించిన వెంటనే బోరు పోయిందని అనుకోకూడదు. ఎక్కువ మోటార్లలో బోరు లోపలి గొట్టం పోతఇనుముతో చేసినది, పిస్టన్ అల్యూమినియం. పట్టేసినప్పుడు మెత్తటిదే కరిగి గట్టిదాని మీద పూతలా అంటుకుంటుంది. గోరు అడ్డంగా జరపండి. ఉబ్బెత్తుగా తగిలి దాటిపోతే అది పూత, గోరు కిందికి జారి ఆగితే అది గాడి.

పూతను తీయడానికి బాత్‌రూములు కడిగే మ్యూరియాటిక్ యాసిడ్ పనికొస్తుంది. ఆరుబయట, రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, పుల్లకు చుట్టిన దూదిని యాసిడ్‌లో ముంచి ఆ గీత మీద మాత్రమే అద్దాలి. అల్యూమినియం ఉన్నంతసేపు సన్నని బుడగలతో పొంగుతుంది, అది అయిపోగానే పొంగు ఆగుతుంది. పోర్టుల దగ్గర బ్లాకు, హెడ్ కూడా అల్యూమినియమే కాబట్టి ఒక్క చుక్క పక్కకు కారినా వాటిని తింటుంది. బోరు లోపల పోతఇనుము గొట్టం కాకుండా నికెల్ పూత ఉన్న మోటారులో ఈ పని అసలు చేయకూడదు. చివరకు వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి, వెంటనే ఆయిల్ పట్టించాలి; పోతఇనుము కొద్ది నిమిషాల్లోనే ఎర్రగా తుప్పు తేరుతుంది. కింద గోడ నున్నగా బయటపడితే హోనింగ్ (గోడను సన్నగా రుద్దడం), కొత్త పిస్టన్, కొత్త రింగులతో పని సరిపోవచ్చు.

కొలతలు

సరిపోతుందో లేదో బోరు గేజ్ చెబుతుంది. పైన, మధ్యలో, కింద మూడు లోతుల్లో, ఒక్కోచోట రెండు దిశల్లో కొలవాలి. గుండ్రదనంలో గానీ, పైకీ కిందికీ మధ్య గానీ తేడా 0.05 నుంచి 0.08 మి.మీ. దాటితే చాలా సర్వీసు పుస్తకాలు బోరింగ్ చేయమంటాయి. హెడ్‌ను కూడా గాజు పలక మీద పెట్టి, సన్నని కొలత రేకులుండే ఫీలర్ గేజ్‌తో చూడాలి; 0.1 మి.మీ. రేకు కిందికి దూరితే హెడ్ వంగినట్టే, కొత్త గ్యాస్కెట్ వేసినా మళ్లీ కాలుతుంది.

బోరింగ్ తప్పదని తేలితే ఓవర్‌సైజు పిస్టన్ చేతికి వచ్చాకే బ్లాకును లేత్ షాపుకు ఇవ్వాలి. యమహా వాటికి 0.25, 0.50 మి.మీ. పెద్ద సైజులు ఉంటాయి. ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లోనే ఆగిపోయింది కాబట్టి పాత మోడల్ పిస్టన్ దొరుకుతుందో లేదో ముందే తేల్చుకోవాలి. రాణీగంజ్‌లో బేరింగులు, సీళ్లు సైజు చెబితే దొరకవచ్చు, పిస్టన్ మాత్రం మోడల్ నంబరుతో తెప్పించుకోవలసిందే. షాపు మనిషికి ఆ పిస్టన్‌ను కొలిచి, పుస్తకంలో రాసిన సందును కలిపి బోరు చేయమని చెప్పాలి. బండి బ్లాకు అలవాటుతో "కాస్త టైటుగా ఉంచుతాను" అంటే ఒప్పుకోవద్దు. బోరు అయ్యాక పోర్టు అంచులన్నిటికీ సన్నగా ఏటవాలు తీయించాలి, లేకపోతే కొత్త రింగు ఆ పదునుకు తగిలి మొదటి రోజే విరుగుతుంది. బిగించేటప్పుడు నీటి పంపు రబ్బరు, థర్మోస్టాట్, క్రాంకు సీళ్లు, పెట్రోలు గొట్టాలు కొత్తవి వేసి, కార్బరేటర్ జెట్లు విప్పి శుభ్రం చేసి, మొదటి ట్యాంకుకు ఆయిల్ రెట్టింపు కలిపి నడపాలి. ఆ ట్యాంకు అయిపోయాక మళ్లీ ప్లగ్గులు తీసి చూసి, అదే గేజ్‌తో అదే మనిషి కంప్రెషన్ కొలిచి, ఆ అంకెలను తేదీతో సహా మోటారు మూత లోపలి వైపు రాసి పెట్టాలి.